అందరూ దొరలే అయిన ఊరు



పోయిన భాగం కింద డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, ఒక్కో కులం ఒక్కో రాజును తనవాడంటోంది. కాకతీయులు మావాళ్లని కొందరు, కృష్ణదేవరాయలు మావాడని ఇంకొందరు. మనకూ రాజులు ఉండే ఉంటారు కదా, ఎవరైనా ఉంటే చెప్పన్నా." దానికి పడ్డ లైకులు చూస్తే ఇది ఒక్కడి ప్రశ్న కాదని అర్థమైంది. జవాబు చెప్తాను. కానీ దానికి ముందు మిమ్మల్ని పెన్సిల్వేనియాలో ఒక మైదానానికి తీసుకెళ్లాలి. కాస్త ఓపిక పట్టండి.

తెలుగువాళ్లకు పిట్స్‌బర్గ్ అంటే 1970ల్లో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. నేను ఆ ఊరు వెళ్లినప్పుడు అక్కడి మన మిత్రులు, "నువ్వు గుడికి రావు కాబట్టి యుద్ధానికి తీసుకెళ్తాం పద" అన్నారు. ఊరికి ఉత్తరంగా గంట ప్రయాణం. బట్లర్ కౌంటీలో స్లిప్పరీ రాక్ అనే చిన్న ఊరి దగ్గర కూపర్స్ లేక్ అనే క్యాంపు మైదానం ఉంది. ఏటా జులై చివర మొదలై ఆగస్టులోకి రెండు వారాలకు పైగా అక్కడ పది వేల మందికి మించి జనం టెంట్లు వేసుకుని ఉంటారు. దాని పేరు పెన్సిక్ వార్. నడిమి యుగాల మనుషుల్లా బట్టలు కట్టుకుని, వంటలు వండుకుని, కవచాలు తొడుక్కుని కొట్టుకుంటారు. లోపలికి వెళ్లేవాడు 17వ శతాబ్దానికి ముందు బట్టల్లాంటివి ఏవో ఒకటి వేసుకోవాలి. నాకు ఒక పొడుగు జుబ్బా, నడుముకు తోలు పట్టా అరువిచ్చారు. తోలు పట్టా బాగానే కుదిరింది, మా ఇంట్లో అది కొత్త వస్తువు కాదు.

దీని పుట్టుక 1966 మే 1న. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, తర్వాత రచయిత్రిగా పేరు తెచ్చుకున్న డయానా పాక్సన్ ఇంటి పెరడులో కొంతమంది స్నేహితులు కత్తులు, డాళ్లతో ఒక పోటీ పెట్టుకున్నారు. అయ్యాక 20వ శతాబ్దానికి మా నిరసన అంటూ వీధిలో ఊరేగారు. మేడే రోజున, వియత్నాం మీద బాంబులు పడుతున్న కాలంలో, రెండేళ్ల ముందే విద్యార్థుల మాట్లాడే హక్కు కోసం పెద్ద పోరాటం జరిగిన ఊళ్లో వీళ్లు చేసిన ఊరేగింపు ఇది. నవ్వు రావచ్చు, నాకూ వచ్చింది. తర్వాత పార్కు బుక్ చేసుకోవడానికి సంఘం పేరు కావాల్సి వస్తే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం అని పెట్టారు. కాలం తప్పిన పనులను కావాలని చేసే సంఘం అనుకోండి. అమెరికాను రాజ్యాలుగా పంచుకున్నారు. తూర్పు రాజ్యం, మధ్య రాజ్యం, ఇలా.

పెన్సిక్ 1972లో మొదలైంది. దాని వెనక ఒక కథ చెప్తారు. మధ్య రాజ్యానికి రాజుగా ఉన్న డేవిడ్ ఫ్రీడ్‌మన్ తూర్పు రాజ్యం మీద యుద్ధం ప్రకటించాడట. ఈయన మిల్టన్ ఫ్రీడ్‌మన్ కొడుకు, అవును, ప్రైవేటీకరణ పాఠాలు చెప్పిన ఆ మిల్టన్ ఫ్రీడ్‌మనే. తూర్పు వాళ్లు పట్టించుకోలేదు. ఆయన తర్వాత తూర్పుకి మకాం మార్చాడు, అక్కడా రాజయ్యాడు, తను పంపిన సవాలును తనే ఒప్పుకుని యుద్ధం చేసి ఓడిపోయాడు. పందెం ఏమిటంటే ఓడినవాళ్లు పిట్స్‌బర్గ్ తీసుకోవాలి. ఎవడికీ అక్కర్లేని, పొగ పట్టిన ఉక్కు కార్మికుల ఊరు అని జోకు. అక్కడ అందరూ ఇప్పటికీ నవ్వుతూనే చెప్తారు. ఆ ఊరిని ఆనుకునే హోమ్‌స్టెడ్ ఉంది. 1892 జులై 6న కార్నెగీ ఉక్కు మిల్లు కార్మికులు, యాజమాన్యం దింపిన పింకర్‌టన్ కిరాయి మనుషులతో నది ఒడ్డున నిజంగా తుపాకులతో పోరాడారు. రెండు వైపులా మనుషులు పోయారు. గంట దూరంలో అంత పెద్ద యుద్ధం జరిగి ఉంటే వీళ్లు 600 ఏళ్ల వెనక్కి, సముద్రం అవతలికి వెళ్లి యుద్ధం తెచ్చుకున్నారు.

వెక్కిరించి వదిలేయడానికి నేను ఇది రాయడం లేదు. అక్కడ నన్ను ఆపేసిన సంగతులు ఉన్నాయి.

మొదటిది పుట్టుక లేకపోవడం. ఆ సంఘంలో చేరిన ప్రతివాడినీ చిన్నపాటి మర్యాదస్తుల ఇంట్లో పుట్టినవాడి కిందే లెక్కేస్తారు. పై బిరుదులన్నీ సంపాదించుకోవాలి. రాజు కొడుకు రాజు కాడు. రాజు కావాలంటే పోటీలో అందరినీ ఓడించాలి, అయ్యాక కూడా కొన్ని నెలలే గద్దె. తెల్ల బెల్టు నైట్ అయినవాళ్లే కట్టుకోవాలి. బట్ట మీద ఆంక్ష అన్నమాట, కానీ ఆ బెల్టు రక్తంలోంచి రాదు. ఒక లారీ డ్రైవరు నైట్ అయితే ఒక సర్జన్ వచ్చి వంగి దండం పెడతాడు. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెన మెట్ల అసమానత గురించి మనం ఇన్ని భాగాలు చదువుకున్నాం. అక్కడా నిచ్చెన ఉంది. ఎక్కొచ్చు, దిగొచ్చు, ఆగస్టులో టెంటు పీకేసి ఇంటికి పోవచ్చు.

రెండోది దెబ్బ. కత్తులు పేము బెత్తంతో చేసి టేపు చుట్టినవి. కవచాలు మాత్రం నిజమైన ఇనుము. వందల మంది ఒకేసారి ఢీకొంటే డాళ్ల చప్పుడు కడుపులో వినిపిస్తుంది. అంత గందరగోళంలో ఎవడు చచ్చాడో చెప్పే అంపైరు ఉండడు. దెబ్బ గట్టిగా తగిలిందా లేదా అన్నది తగిలినవాడే చెప్పాలి, చెప్పి పడిపోవాలి. తిన్నవాడి మాటే ప్రమాణం. మన దగ్గర దెబ్బ తిన్నవాడు తల పగిలి స్టేషన్‌కి పోతే "నిజంగా కొట్టారా" అని అడుగుతారు. ఎఫ్ఐఆర్ కోసం మూడు రోజులు ధర్నా చేసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. నేను ఆ మైదానంలో ఉన్నది ఆగస్టు మొదటి వారంలో. 1991లో అదే వారం, ఆగస్టు 6న చుండూరులో ఏం జరిగిందో ఈ పేజీ చదివేవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

మూడోది చాటింపు. పొద్దున్నే టెంట్ల మధ్య ఒకడు గొంతెత్తి అరుస్తూ పోతున్నాడు. ఫలానా వేళకు యుద్ధం, ఫలానా చోట సభ, ఎవరిదో పర్సు దొరికింది. హెరాల్డ్ అంటారు ఆ మనిషిని. ఐరోపాలో హెరాల్డ్ అంటే రాజు గొంతు. మంచి అంగీ, దాని మీద రాజముద్ర, రాయబారానికి పోతే తాకకూడని మనిషి. అదే పని, అక్షరాలా అదే పని, మన ఊళ్లలో డప్పు భుజాన వేసుకుని మా తాతలు చేశారు. పంచాయితీ అని, శిస్తు అని, జాతర అని ఊరంతా చాటారు. వాళ్లూ తాకకూడని మనుషులే! మాట ఒకటే, అర్థం ఎంత తిరగబడిందో చూడండి. ఆ డప్పునే 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరా అని పేరు పెట్టి తిరిగి చేతికి తీసుకున్నారు. ఊరి కోసం చాటినవాళ్లు తమ కోసం చాటడం మొదలుపెట్టారు. అక్కడ నిలబడి ఆ అరుపు వింటుంటే ఇదే ఆలోచన.

ఇక లేనివాళ్ల సంగతి. రెండు రోజులు తిరిగాను. రాజులు, రాణులు, వైకింగులు, మంగోలులు, సమురాయ్‌లు, సన్యాసులు, తెల్లవాళ్లు కట్టిన చీరలు, తలపాగాలు కూడా చూశాను. కమ్మరం చేసేవాళ్లు, నేసేవాళ్లు, తోలు పని నేర్పేవాళ్లు ఉన్నారు. వందల క్లాసులు జరుగుతాయి, చాలావరకు శ్రద్ధగా చదువుకుని చెప్పేవే. వెట్టివాళ్లు మాత్రం నాకు కనపడలేదు. నడిమి యుగాల ఇంగ్లండులో జనంలో ఎక్కువమంది దున్నేవాళ్లు. వాళ్లలో పెద్ద భాగం దొర భూమికి కట్టుబడి, పెళ్లికి కూడా దొరకు సొమ్ము కట్టుకోవాల్సినవాళ్లు. ఆ వేషం ఎవరికీ అక్కర్లేదు. ఎందుకు కోరుకుంటారు, సెలవు పెట్టుకుని వచ్చి!

బట్టల మాటే తీసుకోండి. 1363లో ఇంగ్లండు పార్లమెంటు ఎవరు ఏ గుడ్డ కట్టాలో చట్టం చేసింది. బండి తోలేవాళ్లు, నాగలి పట్టేవాళ్లు, పశువుల కాపరులు కంబళి గుడ్డ, రసెట్ అనే ముతక ఉన్ని గుడ్డ తప్ప వేరేది కట్టకూడదు. దానికి ముందు 1348-49లో ప్లేగు వచ్చి జనంలో మూడో వంతో అంతకంటే ఎక్కువో పోయారు. కూలీలు దొరక్క కూలి పెరిగింది. పెంచకూడదని 1351లో ఒక చట్టం చేశారు. పెరిగిన కూలితో కూలోడు మంచి గుడ్డ కట్టాడు, ఎవడు దొరో ఎవడు కూలోడో తెలియడం లేదని బట్టల చట్టం చేశారు. అది నిలవలేదు, త్వరగానే రద్దయింది. రవికె తొడిగినందుకు నాడార్ స్త్రీలను కొట్టిన తిరువాంకూరు, 1859 దాకా సాగిన ఆ పోరాటం గుర్తు తెచ్చుకోండి. తెల్ల చొక్కా వేసుకుని ఊళ్లోకి వచ్చినందుకు మన నాన్నలు తిన్న తిట్లు గుర్తు తెచ్చుకోండి. ఆ మైదానంలో పట్టు అంగీలు కట్టి తిరుగుతున్న పది వేల మందిలో ఎంతమంది పూర్వీకులకు 1363లో అది నేరమో!

అక్కడి ప్లాస్టిక్ మరుగుదొడ్లకు ముద్దుగా పోర్టా కాజిల్ అని పేరు పెట్టుకున్నారు. కోట అన్నమాట. పదివేల మంది రెండు వారాలు వాడే కోటలు. వాటిని ఖాళీ చేయడానికి పైపు బండి వస్తుంది, తొడుగులు వేసుకున్న మనిషి పైపు పెట్టి లాగుతాడు, లోపలికి దిగడు. ఆ బండి వచ్చినప్పుడు నైట్లు, రాణులు పక్కకు జరిగి దారిచ్చారు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మిత్రులు విసుక్కున్నారు కూడా. నడిమి యుగాల లండన్‌లో ఈ పని చేసేవాళ్లను గాంగ్ ఫార్మర్లు అనేవారు. రాత్రిపూట దొడ్డి గుంటల్లోకి దిగి తోడి, తెల్లారేలోపు ఊరు దాటించేవాళ్లు. 1326లో లండన్‌లో చెత్త ఎత్తే పని చేసే రిచర్డ్ అనే మనిషి తన ఇంటి మరుగుదొడ్డి పలక విరిగి గుంటలో పడి చనిపోయాడు. అది అక్కడి మరణాల విచారణ రికార్డుల్లో ఉంది. ఏడు వందల ఏళ్ల కిందటి పాకీవాడి పేరు, చావు రాసి పెట్టారు. 2013 చట్టం వచ్చాక కూడా మన నగరాల్లో సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్లలో చనిపోతున్న మనవాళ్ల లెక్క ప్రభుత్వం ఒకటి చెప్తుంది, సఫాయి కర్మచారి ఆందోళన్ ఒకటి చెప్తుంది.

మన చదువుకునే పిల్లలు తప్పక తెలుసుకోవాల్సిన ఇంకొక జనం ఉన్నారు. పిరనీస్ కొండల రెండు వైపులా, నైరుతి ఫ్రాన్సులో, ఉత్తర స్పెయిన్‌లో కాగోలు అనేవాళ్లు ఉండేవారు. స్పెయిన్ వైపు అగోతెలు అన్నారు. భాష అదే, మతం అదే, రంగు అదే. అయినా ఊరి బయట వేరే పల్లె. చర్చిలోకి వేరే చిన్న గుమ్మం. పవిత్ర జలానికి వేరే తొట్టి. చాలాచోట్ల వడ్రంగం తప్ప వేరే పని చేయనివ్వలేదు. పక్కవాళ్లతో పెళ్లిళ్లు లేవు. ఎందుకు అంటరానివాళ్లయ్యారో నమ్మదగ్గ కారణం ఇంతవరకు ఎవరూ చూపించలేకపోయారు. 1514లో నవార్రె ప్రాంతంవాళ్లు పోప్ పదో లియోకి అర్జీ పెట్టుకున్నారు. అందరు విశ్వాసుల్లాగే వీళ్లనూ చూడమని పోప్ ఆదేశం ఇచ్చాడు. ఊళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. జీవో వచ్చింది, అమలు కాలేదు, మనకు తెలియని కథా ఇది? ఆ చిన్న గుమ్మాలు కొన్ని చర్చిల గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. పెన్సిక్‌లో కాగో వేషం ఎవరైనా వేస్తారా అని నలుగురిని అడిగాను. ముగ్గురు ఆ మాటే వినలేదు. నాలుగో మనిషి, తెల్లజుట్టు పెద్దావిడ, విన్నానని చెప్పి కాసేపు ఆగి, "దాన్ని ఆటగా ఎలా ఆడాలో నాకు తెలియదు" అంది. నిజాయితీగల జవాబు.

గతాన్ని ఆటగా ఆడేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది, అదీ వాళ్లు చూశారు. 2017లో షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి ఆధిపత్యవాదులు ఊరేగినప్పుడు నడిమి యుగాల గుర్తులున్న డాళ్లు పట్టుకొచ్చారు. 2018 జనవరిలో దక్షిణ కాలిఫోర్నియా వైపు రాజ్యానికి రాజు రాణులుగా ఉన్నవాళ్లు స్వస్తిక గుర్తుల అంచులున్న బట్టలు కట్టుకుని సభ చేశారు. పాత కాలపు నేత నమూనా కదా అనే సమర్థన వచ్చింది. సభ్యులు ఊరుకోలేదు. రాజు రాణులు గద్దె దిగిపోవాల్సి వచ్చింది. సంప్రదాయం కదా అన్న మాటకు సొంతవాళ్లే అడ్డం తిరగడం నాకు నచ్చింది. మన దగ్గర ఆ మాట అంటే కోర్టు కూడా కాసేపు ఆలోచిస్తుంది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న దగ్గరికి వస్తాను. అక్కడ పేర్లు రాసే టెంటు ఒకటి ఉంది. బల్లల మీద పుస్తకాలు, వాలంటీర్లు. నీకు నచ్చిన కాలం, దేశం చెప్పు, పేరు వెతికిపెడతాం అంటారు. నియమాలు గట్టివే. పాత కాలంలో ఆ పేరు, లేదా అలాంటి పేరు, రాతలో ఉన్నట్టు ఆధారం చూపించాలి. ప్రసిద్ధ రాజుల పేర్లు పెట్టుకోకూడదు. సంపాదించని హోదా పేరులో ఉండకూడదు. ఇండియా అనగానే ఆ మనిషి ఉత్సాహంగా "మహారాజు వంశం చూద్దామా" అన్నాడు. నేను అన్నాను, "మావాళ్లు చచ్చిన గొడ్డును మోసినవాళ్లు. ఆ కాలంలో మా పేరు ఎవరైనా రాసి ఉంటే వెతుకుదాం." ఆయన పెన్ను కింద పెట్టేశాడు. పక్కన మిత్రుడు నా కాలు తొక్కాడు.

కానీ రాసి ఉంది. 13వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితులు చెప్పే పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో మాదర చెన్నయ్య ఉన్నాడు. కరికాల చోళుడి దగ్గర గుర్రాలకు గడ్డి తెచ్చే మాదిగ. రహస్యంగా శివుణ్ణి కొలుస్తూ రోజూ అంబలి పెట్టేవాడు. ఒకనాడు రాజు వడ్డించిన నైవేద్యాన్ని దేవుడు ముట్టలేదు. ఎందుకంటే అప్పటికే చెన్నయ్య ఇంట అంబలి తాగి వచ్చాడు. భక్తి కథగా దాన్ని నమ్మమని నేను చెప్పడం లేదు. ఈ కథలో చెన్నయ్య చివరకు భక్తుడిగా మిగిలాడు, మాదిగలు మాదిగలుగానే మిగిలారు, దాని మీద విమర్శ మనకుంది. కానీ ఆధారం అడిగిన బల్ల ముందు నేను చూపించగలిగిన పేరు అది. దాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిచ్చాను. ఆయన రెండుసార్లు పలికి నేర్చుకున్నాడు.

తమ్ముడూ, రాజు కోసం వెతకొద్దని అనను. పల్నాటి కథలో మాల కన్నమదాసు సేనాధిపతి. ఆ పేరు చెప్పుకుని తలెత్తుకున్నవాళ్లున్నారు, వాళ్లను తప్పు పట్టను. అయితే ప్రతి కులానికీ ఒక రాజు దొరికితే అది పెన్సిక్ అవుతుంది. అందరూ దొరలే, గొడ్డును మోసినవాడు ఎవడూ లేడు. మరి గొడ్డు ఎలా లేచింది, కోట గోడ ఎవరు కట్టారు, గుంట ఎవరు తోడారు? 1381లో ఇంగ్లండు రైతులు తిరగబడ్డప్పుడు తమకు రాజవంశం ఉందని చెప్పుకోలేదు. తలపన్ను కట్టమన్నారు, వెట్టి వద్దన్నారు, దొరల ఇళ్ల మీద పడి ఎవడు ఎవడికి బానిసో రాసి ఉన్న దస్త్రాలు చాలాచోట్ల కాల్చేశారు. నాయకుడు వాట్ టైలర్‌ను జూన్ 15న రాజు ముందే చంపారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనం కాల్చింది కూడా పుట్టుక రాసి ఉన్న దస్త్రాన్నే.

మనకూ ఒక పెన్సిక్ ఉంది. పల్నాడులో, నాగులేరు ఒడ్డున, కారెంపూడిలో. 12వ శతాబ్దపు యుద్ధాన్ని ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు తిరిగి నడిపిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కూడా అందులో భాగం. అక్కడ ఎవరూ పేరు ఎంచుకోరు. వీరుల ఆయుధాలు వంశాలను బట్టి వస్తాయి, ఎవరి పాత్ర వాళ్లకు పుట్టుకతో వస్తుంది. ఆ కథను తరతరాలుగా పాడి నిలబెట్టినవాళ్లలో మాలలున్నారు. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోగైర్ రికార్డు చేసి 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. చాపకూడు కథ చెప్పుకునే ఆ పాత గుంటూరు జిల్లాలోనే చుండూరు కూడా ఉండేది.

ఈ కార్తీకానికి కారెంపూడి వెళ్లే విద్యార్థులు ఉంటే ఒక పని చేయండి. ఆయుధాల ఫొటోలు ఎలాగూ తీస్తారు. వాటితో పాటు డప్పు ఎవరు కొడుతున్నారో, వంట ఎవరు చేస్తున్నారో, చాప మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఆరో రోజు పొద్దున నాగులేరు ఒడ్డును ఎవరు ఊడుస్తున్నారో, వాళ్లకు ఎంత ఇస్తున్నారో రాసుకుని రండి. వాళ్లు ఒప్పుకుంటే పేర్లతో సహా. ఇన్‌బాక్స్‌లో పంపితే తర్వాతి భాగం దాంతోనే రాస్తాను.